లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్ ఉచ్చారణ డిక్షనరీలు: ఏది కొనాలి, కొన్నాక ఎలా వాడాలి

ఇంగ్లీష్ మాటలు ఎలా పలకాలో చూపే ఈ డిక్షనరీల్లో అర్థాలుండవు. మాటకు మీనింగ్ ఏంటో, వాక్యంలో ఎలా వాడాలో వెతికేవాళ్లకు ఇవి అక్కరకు రావు. ఒక మాట, దాని పక్కన పలుకుబడి చూపే గుర్తులు, అంతే. ఎవరో చెప్పారని ఆర్డర్ పెట్టి, డబ్బా విప్పాక ‘ఇందులో మీనింగులేవీ?’ అని తెల్లబోయే కంటే ఈ సంగతి ముందే తెలిసుంటే మంచిది.

చెప్పుకోదగ్గవి ముఖ్యంగా రెండు. ఒకటి జె.సి.వెల్స్ కూర్చిన ‘లాంగ్‌మన్ ప్రొనన్సియేషన్ డిక్షనరీ’. 1990లో మొదటిసారి, 2000లో రెండోసారి, 2008లో మూడోసారి వచ్చింది. రెండోది డేనియల్ జోన్స్ 1917లో తెచ్చిన ‘ఇంగ్లీష్ ప్రొనౌన్సింగ్ డిక్షనరీ’. ఇప్పుడది కేంబ్రిడ్జ్ పేరుతో దొరుకుతోంది. పీటర్ రోచ్, జేన్ సెటర్, జాన్ ఎస్లింగ్ సంపాదకులుగా 2011లో వచ్చిన 18వ కూర్పు తీసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లది 2001లో, రూట్లెడ్జ్ వాళ్లది 2017లో వచ్చాయి కానీ అవి ఫొనెటిక్స్ (ధ్వనిశాస్త్రం) చదివేవాళ్ల బల్లమీదికే తగినవి. నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

మనకు వీటితో ఏం పని? తెలుగులో రాసిందే పలుకుతాం. ఆ అలవాటు ఇంగ్లీష్ మీదికీ వస్తుంది. కనపడ్డ ప్రతి అక్షరానికీ నోట్లో చోటిస్తాం, ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం, మాటలోని అన్ని ముక్కల (సిలబుల్స్) మీదా సమానంగా బరువు పెడతాం. ఇంగ్లీష్‌లో అలా కాదు. ఒక ముక్క మీద బరువు పడితే మిగతావి నలిగిపోతాయి. ఆ బరువునే స్ట్రెస్ అంటారు, మన వ్యాకరణాల్లో ఊనిక. ఆ నలిగిన అచ్చు పేరు ష్వా. డిక్షనరీలో తెలుగువాళ్లు వెతకాల్సినవి ముందుగా ఈ రెండే. స్ట్రెస్‌కు గుర్తు, బరువు పడే ముక్క ముందు పైన పెట్టే చిన్న నిలువు గీత. ష్వాకు గుర్తు, తలకిందులుగా తిప్పిన ఇంగ్లీష్ ‘ఈ’ అక్షరం. హైదరాబాద్ తార్నాకలో ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)గా ఉన్న సంస్థ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది. అక్కడ పనిచేసిన ఆర్.కె.బన్సల్ మన ఇంగ్లీష్ బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతోందో పరిశీలించి 1969లో ప్రచురించినప్పుడు, అడ్డుపడేవాటిలో ప్రధానంగా ఎత్తిచూపింది ఈ పద స్ట్రెస్‌నే.

హైటెక్ సిటీ ఆఫీసుల్లో రోజూ వినపడే మాటలనే ఈ పుస్తకాల్లో చూడండి. ‘పారామీటర్’ అని మొదటి ముక్కనూ మూడో ముక్కనూ సాగదీస్తాం. నిలువు గీత మాత్రం రెండో ముక్క ‘ర్యా’ ముందు ఉంటుంది, దాని ముందున్న ‘ప’ ఉత్త ష్వా. ‘పర్చేజ్ ఆర్డర్’ అంటాం. అక్కడ ‘చేజ్’ ఎక్కడా లేదు. స్ట్రెస్ మొదటి ముక్క మీద, రెండోది ష్వా, చివర సకారం: ‘పర్చస్’. ‘మెయింటైనెన్స్’ మధ్యలో ‘టై’ లేదు. స్ట్రెస్ మొదట్లోనే, ఆ తర్వాతవి రెండూ ష్వాలు. ‘సర్టిఫికేట్’ చివర ‘కేట్’ కాదు, నలిగిన ‘కట్’. ‘మార్ట్‌గేజ్’లో టకారం పలకరు. ‘డెవలప్’, ‘హోటల్’, ‘కాంపొనెంట్’ మూడింట్లోనూ బరువు రెండో ముక్క మీదే. ‘కమిటీ’ ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో మూడు జంటలు కనపడతాయి. డిక్షనరీలో ఒక్క మకారం, ఒక్క టకారం, చివర పొట్టి అచ్చు. మొదటి అచ్చేమో ష్వా.

ఈ చివరిది తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. స్పెల్లింగ్‌లో అక్షరం రెండుసార్లు కనపడగానే ద్విత్వం పలికేస్తాం. ‘సమ్మర్’, ‘హ్యాప్పీ’, ‘కిల్లర్’ అలా పుట్టినవే. ఒకే మాటలో ఇంగ్లీష్ జంట అక్షరానికి సాధారణంగా జంట పలుకు ఉండదు. డిక్షనరీ గుర్తుల్లో ఒకటే ఉంటుంది, కళ్లకు కొట్టినట్టు. అలాగే మాట చివర మనం చేర్చే ఉకారం. ‘రోడ్డు’, ‘బస్సు’ తెలుగు మాటలుగా సరే, ఇంగ్లీష్ వాక్యంలో ఆ ఉకారం అదనపు ముక్క అవుతుంది. ఎకారంతో మొదలయ్యే మాటకు యకారం, ఒకారంతో మొదలయ్యేదానికి వకారం తగిలించడం ఇంకొకటి. ‘యెగ్’, ‘వోపెన్’. నగరంలో ‘యం.బి.ఏ.’ అని రాసిన బోర్డు లేని వీధి ఉందా? లాంగ్‌మన్‌లో ఇలాంటి పొడి అక్షరాల మాటలూ ఉంటాయి. ఆ ఎంట్రీ ఎకారంతో మొదలవుతుంది, ప్రధాన స్ట్రెస్ చివరి అక్షరం మీద పడుతుంది.

ఇప్పుడు పేజీ ఎలా చదవాలో చూద్దాం. లాంగ్‌మన్‌లో మొదట నీలం రంగులో ఉన్నదే నేర్చుకునేవాళ్లకు సిఫారసు చేసిన ఉచ్చారణ. తర్వాత నల్ల అక్షరాల్లో వచ్చేవి ఇతరులు పలికే తీర్లు. వాటిని బట్టీ పట్టకండి. ఇతరులు అలా పలికితే తప్పు పట్టకుండా ఉండడానికి అవి. రెండు నిలువు గీతలు పక్కపక్కన వస్తే అక్కడి నుంచి అమెరికన్. ఆ గీతలు లేకపోతే రెండు చోట్లా ఒకటే. మాటను ముక్కలుగా విడగొట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. చాలామంది దాన్ని ఆగమన్న సూచన అనుకుని ఆగి ఆగి చదువుతారు. ఆగకూడదు, అది కంటికి సాయం మాత్రమే. పైగా వెల్స్ పద్ధతిలో స్ట్రెస్ ఉన్న అచ్చుకు వెనకున్న హల్లునూ అంటగడతారు. మనం ‘సి-టీ’ అని విరిచే మాటను ఆయన ‘సిట్-ఇ’ అని విరుస్తారు. తెలుగు కంటికి ఇది మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది.

వాలు అక్షరం, పైకెత్తిన చిన్న అక్షరం మధ్య తేడా తెలియక తికమకపడేవాళ్లు చాలామంది. లాంగ్‌మన్‌లో వాలుగా ఉన్న ధ్వనిని కొందరు వదిలేస్తారు, నేర్చుకునేవాళ్లు మాత్రం పలకడం మేలు. పైకెత్తి రాసినదాన్ని కొందరు చేరుస్తారు, నేర్చుకునేవాళ్లు వదిలేయవచ్చు. ఈ ఒక్క నియమం ముందుమాటలో చదవకపోతే సగం ఎంట్రీలు అర్థం కావు. కేంబ్రిడ్జ్‌లో ముక్కల మధ్య చుక్కలుంటాయి, అమెరికన్‌కు విడిగా లేబుల్ ఉంటుంది. ‘కార్’ లాంటి మాట చివర రేఫను పైకెత్తి రాస్తారు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతేనే బ్రిటిష్‌వాళ్లు దాన్ని పలుకుతారని దానర్థం. మనవాళ్లు ఆ రేఫను ఎక్కడైనా పలుకుతారు. దాన్ని మానుకోవడానికి తంటాలు పడక్కర్లేదు, అమెరికన్లూ పలుకుతారు కదా.

కొన్ని మాటల వెనక లాంగ్‌మన్‌లో చిన్న బాణపు మొన ఉంటుంది. స్ట్రెస్ జరుగుతుందని హెచ్చరిక. ‘థర్టీన్’ ఒంటరిగా ఉంటే బరువు రెండో ముక్క మీద. దాని వెనక ఇంకో మాట రాగానే బరువు ముందుకు జరిగి మొదటి ముక్క మీద కూర్చుంటుంది. అప్పుడు ‘థర్టీ’కీ దానికీ మిగిలే ప్రధానమైన తేడా చివరి నకారమే. ఫోన్‌లో పదమూడు, ముప్పై కలగాపులగం అయ్యేది ఇక్కడే. కాబట్టి అంకెలు చెప్పేటప్పుడు ఆ నకారాన్ని మింగకూడదు. ఇంత సూక్ష్మం చాలా మామూలు డిక్షనరీల్లో కనపడదు.

రెండు మాటలు కలిసిన పదాల స్ట్రెస్ కూడా అంతే. ‘పోస్ట్ ఆఫీస్’లో బరువు మొదటి మాట మీద, ‘యాపిల్ పై’లో రెండోదాని మీద. ఊహతో పట్టుకోలేం, చూసుకోవాల్సిందే. ఇలాంటి జంటలను లాంగ్‌మన్ ప్రధాన మాట కిందే చేర్చి చూపిస్తుంది. నా ఉద్దేశంలో దాని ధరకు న్యాయం చేసేవాటిలో ఇదొకటి.

చిన్న మాటల దగ్గర ఇంకా పెద్ద లాభం. ‘ఆఫ్’, ‘టు’, ‘ఫర్’, ‘ఫ్రమ్’, ‘వాజ్’, ‘క్యాన్’ ఎంట్రీల్లో బలమైన రూపం, బలహీన రూపం అని రెండు విడివిడిగా ఇస్తారు. వాక్యం మధ్యలో దాదాపు ఎప్పుడూ బలహీనమైనదే వస్తుంది, అందులో ష్వా ఉంటుంది. మనం రెండో రూపాన్ని ఎన్నడూ వాడం. మన ఇంగ్లీష్ అవతలివాళ్లకు అన్ని మాటలనూ నొక్కి చెబుతున్నట్టు, కొన్నిసార్లు కోపంగా ఉన్నట్టు వినపడడానికి ఇదొక కారణం. అన్నట్టు ‘కప్ ఆఫ్ టీ’లోని ఆ చిన్న మాట చివర ఉన్నది వకారపు గుర్తు, ఫకారం కాదు. స్విచ్ ఆపే ‘ఆఫ్’కే ఫకారం. తెలుగులో రెండూ ఒకలాగే రాస్తాం కాబట్టి ఒకలాగే పలికేస్తున్నాం.

అందుకే నోట్‌బుక్‌లో ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకోవద్దు. ఇక్కడ రాస్తున్నది కూడా ఏ మాట గురించో తెలియడానికే తప్ప నేర్చుకోవడానికి కాదు. ‘బ్యాంక్’ అని రాసుకుంటే కళ్లు యకారాన్ని చూస్తాయి, నోరు దాన్ని పలుకుతుంది. డిక్షనరీలో అక్కడ ‘ఏ’, ‘ఈ’ అనే రెండు ఇంగ్లీష్ అక్షరాలు అతుక్కుపోయిన ఒకే గుర్తు ఉంటుంది. చాలామంది నోట ‘వచ్చారు’ అనేటప్పుడు చకారం తర్వాత పలికేది దాదాపు ఆ అచ్చే, కాస్త పొడుగ్గా. కొత్త ధ్వని నేర్చుకోనక్కర్లేదు, ఉన్నదాన్ని గుర్తుపడితే చాలు. అలాగే ‘జూ’, ‘జీరో’, ‘బిజీ’, ‘కజిన్’లలో జడ్ గుర్తు, ‘జడ్జ్’లో వేరే గుర్తు. పాతబస్తీ ఉర్దూ చెవిన పడుతూ పెరిగినవాళ్లకు ఈ తేడా నాలుక మీదే ఉంటుంది, మిగతావాళ్లు గుర్తు చూసి సాధన చేయాలి. ‘మెజర్’, ‘ప్లెజర్’లలో మూడో రకం గుర్తు, తోకున్న మూడంకెలా. బహువచనం చివర కూడా చూడండి. ‘డాగ్స్’ అని రాసినా అక్కడ ఉన్నది జడ్.

వాడే పద్ధతి ఇది. రోజుకు ఎనిమిది, పది మాటలు చాలు, అవీ మీ పనిలోవే కావాలి. ప్రాజెక్ట్ మెయిల్, రెజ్యూమె, ప్రెజెంటేషన్ స్లైడ్, వాటిలోంచే ఏరండి. పుస్తకం తెరవకముందే కాగితం మీద మాట రాసి, బరువు ఎక్కడ పడుతుందనుకుంటున్నారో అక్కడ గీత పెట్టండి. ఈ అడుగు దాటేస్తే చదివినదేదీ నిలవదు. ఇప్పుడు ఎంట్రీ తీసి నిలువు గీత చూసి, బల్ల మీద తడుతూ ఆ ముక్క దగ్గర గట్టిగా కొట్టండి. తర్వాత ష్వాలు లెక్కపెట్టి వాటి కింద గీత గీయండి. మూడోది, చివరి ధ్వని. ‘వాక్డ్’ అని మనం కష్టపడి డకారం పలికేచోట ఉన్నది టకారమే. ఆ తర్వాతే ఆడియో వినాలి. ముందే వింటే చెవి తనకు తెలిసినదాన్నే వింటుంది. చివరగా ఆ మాటను మీరు నిజంగా వాడబోయే వాక్యంలో పెట్టి ఫోన్‌లో రికార్డ్ చేసి చూసుకోండి. విడిగా బాగా పలికిన ‘పారామీటర్’ వాక్యంలోకి రాగానే పాత దారి పట్టడం మామూలే. మర్నాడు ఆ పది మాటలనూ పుస్తకం మూసి మళ్లీ గీతలు పెట్టాలి.

బ్రిటిషా, అమెరికనా? ఏదో ఒకటి పట్టుకోండి. ఎక్కువ మాటలకు పెద్ద తేడా ఉండదు. కానీ కొన్నిట్లో స్ట్రెస్సే మారుతుంది. ‘లేబొరేటరీ’కి బ్రిటిష్‌లో రెండో ముక్క మీద, అమెరికన్‌లో మొదటిదాని మీద. ‘అడ్వర్టైజ్‌మెంట్’ బ్రిటిష్‌లో రెండో ముక్క మీద, అమెరికన్‌లో ‘టైజ్’ మీద. గచ్చిబౌలిలో అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లు జంట గీతల తర్వాతిదే చదువుకుంటే సరి. ఐఇఎల్‌టిఎస్ రాసేవాళ్లు ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. స్పీకింగ్‌లో ఉచ్చారణకు నాలుగో వంతు మార్కులు, వాళ్లు చూసేది స్పష్టంగా అర్థమవుతోందా అన్నదే. ‘షెడ్యూల్’, ‘స్కెజూల్’ లాంటి జగడాలకు లాంగ్‌మన్‌లో చిన్న బొమ్మ పటాలున్నాయి. ఎవరు ఎటువైపు మొగ్గుతున్నారో అడిగి సేకరించిన లెక్కలవి. బ్రిటన్‌లో కుర్రకారు ‘స్కె’ వైపు జరుగుతున్నారని అందులోనే చూడొచ్చు. సరదాగా తిరగేయడానికి ఆ పుస్తకంలో అంతకంటే మంచి పేజీలు లేవు.

పేర్ల విషయంలో రెండూ బంగారమే. లండన్ కాల్స్ చేసేవాళ్లు లెస్టర్, గ్రెనిచ్, వుస్టర్ లాంటి ఊళ్ల పేర్లను స్పెల్లింగులు చూసి పలికితే నవ్వులపాలే, ఇక్కడ నిమిషంలో తేలుతుంది. మన పేర్లు మాత్రం ఇంగ్లీష్ వాళ్ల నోట ఎలా వస్తాయో అలా ఇస్తారు. ఆ ఉచ్చారణలో ‘గాంధీ’కి ఒత్తు లేదు. అది చూసి మన పేరును మనం దిద్దుకోకూడదు.

ఇక ఈ పుస్తకాలు చేయలేనివి. ‘పిన్’, ‘ట్యాక్స్’, ‘కోట్’ మొదట్లో ఇంగ్లీష్ వాళ్లు ఊపిరి బయటికి వదులుతారు. మనం వదలకపోతే ‘పిన్’ వాళ్లకు ‘బిన్’లా వినపడే ప్రమాదముంది. గుర్తుల్లో ఇది ఉండదు, ఎందుకంటే అవి ధ్వనుల మధ్య తేడానే చూపుతాయి, ప్రతి ధ్వనిని ఎలా పుట్టించాలో చెప్పవు. మన టకారానికి నాలుక వెనక్కి మడుస్తాం, వాళ్లు పై పళ్ల వెనకున్న చిగురుకు ఆనిస్తారు. పేజీలో రెండింటికీ ఒకే అక్షరం. వాక్యపు రాగం, ఎక్కడ గొంతు ఎత్తాలి, ఎక్కడ దించాలి అన్నదీ ఉండదు. వీటికి మనిషి కావాలి, లేదా నోటి బొమ్మలతో వివరించే ఫొనెటిక్స్ పుస్తకం కావాలి. డిక్షనరీ కొంటే యాక్సెంట్ మారుతుందని చెప్పే కోచింగ్ సెంటర్ మాట నమ్మకండి.

ఉచితంగా దొరికేవాటితో పోల్చి చెప్పాలి. కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ముగ్గురివీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. గుర్తులు, బ్రిటిష్, అమెరికన్ ఆడియో, అర్థం అన్నీ వస్తాయి. మాక్‌మిలన్‌ది 2023లో మూసేశారు. యూగ్లిష్ వెబ్‌సైట్‌లో ఒక మాటను వీడియోల్లో మనుషులు నిజంగా ఎలా అన్నారో వినొచ్చు. ఫోర్వో అనే సైట్ పేర్లకు బాగుంటుంది, కాకపోతే ఎవరు పడితే వారు రికార్డ్ చేసినవి కాబట్టి కొంచెం చూసుకోవాలి. ఇంటర్వ్యూకు తయారయ్యే కుర్రాడికి, కొత్తగా వాయిస్ ప్రాసెస్‌లో చేరిన అమ్మాయికి ఇవి చాలు, పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. షరతు ఒకటే: స్పీకర్ బొమ్మ నొక్కి ఊరుకోకుండా పక్కనున్న గుర్తుల్లో నిలువు గీత, ష్వా చూడాలి. టీచర్లు, వార్తలు చదివేవాళ్లు, ట్రైనర్లు, ఇంగ్లీష్ ఎం.ఎ. విద్యార్థులు మాత్రం అచ్చు పుస్తకం కొనాలి. ఒక మాటకు ఎన్ని తీర్లున్నాయో, ఏది తప్పుగా లెక్కిస్తారో, జంట మాటల స్ట్రెస్ ఎక్కడో ఒకేచోట దొరికేది అందులోనే.

రెండిట్లో ఒకటే అంటే లాంగ్‌మన్‌కే నా ఓటు. నీలం రంగు ఒక్కటే చాలు ఆ మాట అనడానికి. ప్రతి అక్షరం దగ్గరా స్పెల్లింగ్‌కూ ధ్వనికీ సంబంధం చెప్పే వివరణ కూడా ఉంది. అచ్చు సన్నం, బరువు ఎక్కువ, 900 పేజీల పైచిలుకు. కేంబ్రిడ్జ్ తేలిక, పేజీ శుభ్రంగా ఉంటుంది, గుర్తులు కొత్తవాళ్లను తక్కువ భయపెడతాయి. కొత్త మాటలకు రెండూ పాతవే. ‘కోవిడ్’ రెండిట్లోనూ లేదు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద జోన్స్ డిక్షనరీ పాత ప్రతి కంటపడితే సంబరపడి కొనేయకుండా కూర్పు సంవత్సరం చూడండి. 1977లో గిమ్సన్ సవరించిన 14వ కూర్పుకు ముందువైతే గుర్తుల పద్ధతే వేరు. ‘సిట్’, ‘సీట్’ రెండిటికీ ఒకే అక్షరం పెట్టి పొడవు చుక్కలతోనే తేడా చూపేవారు. దాంతో నేర్చుకుంటే అది ఉత్త హ్రస్వ దీర్ఘాల తేడా అనుకుంటాం, అచ్చే వేరని తెలియదు. ‘గో’లోని అచ్చుకూ అప్పటి గుర్తు వేరు, ఇప్పటి ఏ వెబ్‌సైట్‌తోనూ సరిపోలదు. 1997లో వచ్చిన 15వ కూర్పుకు ముందు అమెరికన్ ఉచ్చారణ లేదు. లాంగ్‌మన్ పాత ప్రతులకు ఈ బాధ లేదు, 1990 నుంచే రెండూ ఇస్తున్నారు. 2000 నాటి ప్రతి చవగ్గా వస్తే నిశ్చింతగా తీసుకోవచ్చు.

కొత్త కూర్పులతో సీడీ రావాలి. సెకండ్ హ్యాండ్‌లో వెనక అట్ట లోపలి సంచీ ఖాళీగా ఉండడం మామూలే. ఉన్నా ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డ్రైవ్ ఉండదు, ఆ కాలపు సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడుస్తుందన్న భరోసా లేదు. సీడీ ఉందని అమ్మేవాళ్లు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. గుర్తులు పుస్తకంలో చూసి, గొంతు ఆన్‌లైన్‌లో వినండి.